పట్నంబజారు మూలికల కొట్టులో కొన్న అతిమధురం

గుంటూరు పట్నంబజారు సందుల్లో ఒక పాత మూలికల కొట్టు ఉంది. లోపల నలుగురు నిలబడితే ఐదో మనిషి మెట్టు మీద ఆగాలి. గోడ పొడవునా చెక్క సొరుగులు. ప్రతి సొరుగు మీదా తెల్లరంగుతో పేరు రాసి ఉంటుంది: పిప్పళ్లు, కరక్కాయ, శొంఠి, అక్కలకర్ర, వస, అతిమధురం. చాలా పేర్లు సగం చెరిగిపోయాయి. కొట్టాయనకి డెబ్బై దాటి ఉంటాయి. చెరిగిన పేర్లతో ఆయనకు పని లేదు, చెయ్యి దానంతటదే సరైన సొరుగు మీదికి వెళుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు "అతిమధురం నూరు గ్రాములు ఇవ్వండి బాబాయి గారూ" అన్నాను. ఆయన సొరుగు లాగలేదు.

"ఎవరికమ్మా?"

"నాకేనండీ, గొంతుకి."

"బీపీ ఉందా?"

"లేదండీ."

"ఒంట్లో నీరు తీసే నీళ్లమాత్రలు గానీ, గుండె మాత్రలు గానీ వేసుకుంటున్నావా?"

"లేదండీ."

"ఎన్నాళ్లు వాడదామని?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "రెండు వారాలు వాడి ఆపెయ్యి. మళ్లీ అవసరమైతే అప్పుడే వద్దువు గాని" అని, అప్పుడు లాగాడు సొరుగు. నూరు అడిగితే యాభై గ్రాములే తూచాడు. ఎక్కువ అమ్ముకునే బేరాన్ని తనే తగ్గించుకున్న వ్యాపారిని ఈ మధ్య కాలంలో నేను చూడలేదు.

ఈ నాలుగు ప్రశ్నలూ అంతకు ముందు ఏడాది ఎవరైనా మమ్మల్ని అడిగి ఉంటే మా అత్తయ్యగారు మూడు రోజులు ఆస్పత్రి మంచం మీద ఉండేవారు కాదు. అందుకే ఈ కొట్టు గురించీ, అతిమధురం అనే ఈ తియ్యటి వేరు గురించీ వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి. హైస్కూల్లో తెలుగు చెబుతాను. రోజుకు ఆరు పీరియడ్లు, తరగతికి యాభై మంది పిల్లలు. పద్యం అర్థం చెప్పేస్తే సరిపోదు, రాగం తీసి చదివితేనే పిల్లలకి పడుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి మిర్చి సీజను మొదలవుతుంది. యార్డు వైపు నుంచి గాలి వీచిన రోజున ఊళ్లోకి కూడా ఘాటు వస్తుంది. గుంటూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో శార్దూలం ఎత్తుకుంటే మూడో పాదం దగ్గరే గొంతు జీరపోయేది. వేడినీళ్లు, ఉప్పునీళ్లు, మిరియాల పాలు అన్నీ అయ్యాయి. మా స్కూల్లో సంగీతం చెప్పే ఆవిడ ఓ చిన్న అతిమధురం పుల్ల చేతిలో పెట్టి నమలమంది. అలా మొదలైంది.

సరుకు గురించి. ఈ కొట్టులో దొరికే అతిమధురం పుల్లలు పెన్సిలంత లావు ఉంటాయి, కొన్ని చిటికెనవేలంత. పైన గోధుమరంగు తొక్క, పొడవునా ముడతలు. పుల్ల విరిస్తే శుభ్రంగా రెండు ముక్కలు కాదు. నారలు నారలుగా చీలుతుంది, లోపల లేత పసుపు. కొట్టాయన ఒక పుల్ల విరిచి ఆ చీలిన చోటు వెలుతురులో పెట్టి చూపించాడు. పసుపు ఎంత నిండుగా ఉంటే సరుకు అంత మంచిదట. లోపల తెల్లబడినా, నల్లమచ్చలున్నా, సూదిమొనంత చిల్లులు కనబడినా పుచ్చు పట్టినట్టే. నాలుక మీద పెట్టగానే పంచదారలా తీపి తగలదు. మొదట మట్టివాసన, కాస్త వగరు. నాలుగైదుసార్లు నమిలాక నాలుక వెనకనుంచి తీపి మెల్లగా లేస్తుంది, లేచాక పోదు. నేను మూడో పీరియడుకి ముందు నమిలితే నాలుగో పీరియడు మధ్య దాకా ఆ తీపి నోట్లో ఉంటుంది. ఇంకా నమిలితే నురగ వస్తుంది, చివరికి చీపురుపుల్లల్లాంటి పీచు మిగులుతుంది. ఆ పీచు ఉమ్మెయ్యాలి.

ఆ తీపికి మూలం గ్లైసిరైజిన్ అనే పదార్థం. పంచదారకి ముప్ఫై నుంచి యాభై రెట్లు తీపి. మేలు చేసేదీ చాలావరకు అదే, కీడు చేసేదీ అదే.

ఈ మొక్క మన నేలలో పెద్దగా పండే పంట కాదు. అఫ్ఘనిస్తాన్, ఇరాన్, మధ్య ఆసియా దేశాల నుంచి వేరు ఎండబెట్టి తెస్తారు. తన సరుకు ఢిల్లీలోని ఖారీ బావలీ అనే మసాలా, మూలికల బజారు నుంచి వస్తుందని కొట్టాయన చెప్పాడు. దూరం నుంచి వచ్చే సరుకు కాబట్టి కల్తీ కూడా ఉంటుంది. అన్నిటికన్నా పాత మోసం గురివింద వేరు. గురివిందాకు నమిలితే తియ్యగా ఉంటుందని పల్లెటూళ్లో పెరిగిన వాళ్లకి తెలుసు. దాని వేరునీ అతిమధురం పేరుతో అమ్ముతారు. గురివింద గింజలో ఏబ్రిన్ అనే ఘోరమైన విషం ఉంది. అలాంటి మొక్క వేరును గొంతుమందని నమలడానికి నాకు మనసొప్పదు. పుల్ల అయితే విరిచి, చూసి, కొరికి తెలుసుకోవచ్చు. పొడి అయితే ఆ వీలు లేదు. ఈ కొట్టులో పొడి అమ్మరు. అడిగితే "పుల్ల తీసుకెళ్లి ఇంట్లో దంచుకోండి" అంటారు. మొదట ఇబ్బందిగా అనిపించినా ఇప్పుడు అదే మంచి పద్ధతి అంటాను.

ఇక పొడి కథ. ఏడాది ముందు ఆన్‌లైన్లో ఒక కంపెనీ యష్టిమధు చూర్ణం, అంటే అతిమధురం పొడే, 200 గ్రాముల డబ్బా తెప్పించాను. కంపెనీ పేరు రాయను. మా ఇంట్లో జరిగింది ఏ డబ్బాతోనైనా జరిగేదే. డబ్బా మీద "రోజుకు ఒకటి రెండు చెంచాలు, పాలతో గానీ తేనెతో గానీ" అని ఉంది. ఎన్ని రోజులో లేదు. ఎవరు తీసుకోకూడదో లేదు. నాకోసం తెప్పించిందే, కానీ అత్తయ్యగారికి ఎప్పటినుంచో కడుపులో మంట. "గ్యాసుకి కూడా మంచిదట కదమ్మాయ్" అని ఆవిడే అడిగారు. మంచిదే అన్నాను. రోజూ రాత్రి పాలల్లో రెండు చెంచాలు కలిపి నేనే ఇచ్చాను.

మంట తగ్గిన మాట నిజం. పది రోజుల్లోనే "హాయిగా నిద్ర పడుతోంది" అన్నారు. నాలుగో వారంలో చెప్పులు బిగుతయ్యాయి. ఎండాకాలం కదా, కాళ్లు నీరు పట్టాయేమో అనుకున్నాం. ఐదో వారంలో మెట్లెక్కుతూ రెయిలింగు పట్టుకుని నిలబడిపోయారు, తొడల్లో సత్తువ లేదన్నారు. ఆరో వారంలో తలనొప్పి. మా వారు బీపీ చూస్తే 184 మీద 102. పదేళ్లుగా మాత్రలతో 130 దాటని మనిషి. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే పొటాషియం 2.7. మూడున్నరకి తగ్గకూడదు. ఈసీజీలో కూడా తేడా ఉందన్నారు, వెంటనే చేర్చుకున్నారు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసావిడ. అత్తయ్యగారి మాత్రల పట్టీ అంతా చూసి, మా వైపు తిరిగి, "ఇవి కాక ఇంకేమైనా తీసుకుంటున్నారా? పసరు, చూర్ణం, కషాయం ఏదైనా?" అని అడిగింది. చూర్ణం మందు కిందికి వస్తుందని మాకు అప్పటిదాకా తట్టలేదు. డబ్బా ఫోటో చూపిస్తే ఆవిడ ముఖం మారింది. "అత్తగారు వేసుకునే బీపీ మాత్రలో నీళ్లమాత్ర కలిసే ఉంది. అది ఒక పక్క పొటాషియం తోడేస్తుంది, ఈ పొడి ఇంకో పక్క తోడేస్తుంది" అని విడమరిచి చెప్పింది.

ఆవిడ చెప్పిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. ఒంట్లో ఉప్పు నిలవ ఉంచడానికి ఆల్డోస్టెరాన్ అనే హార్మోను ఉంటుంది. మూత్రపిండాల్లో దాని తాళానికి ఇంకో హార్మోను కూడా సరిపోతుంది, పేరు కార్టిసాల్. ఒంట్లో కార్టిసాల్ ఎప్పుడూ చాలా ఎక్కువే ఉంటుంది. అందుకే మూత్రపిండాల్లో ఒక ఎంజైము కాపలా ఉండి, వచ్చిన కార్టిసాల్‌ని వచ్చినట్టే పనికిరాకుండా చేసేస్తుంది. అతిమధురం ఆ కాపలాని పడుకోబెడుతుంది. ఇక కార్టిసాల్ నేరుగా వెళ్లి తాళం తీస్తుంది. ఉప్పూ నీరూ ఒంట్లో నిలుస్తాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. కాళ్ల వాపు, బీపీ, కండరాల నీరసం, గుండె లయ తప్పడం అన్నీ ఆ వరసలో వచ్చేవే.

పొడి ఆపేశారు, పొటాషియం ఎక్కించారు. మూడో రోజు ఇంటికి పంపారు. వాపు పూర్తిగా తియ్యడానికి, బీపీ పాత దారికి రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఆపిన మర్నాడే దాని ప్రభావం పోదు, ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.

తరువాత కూర్చుని లెక్క వేశాను. ఐరోపా ఔషధ ప్రమాణం ప్రకారం మంచి అతిమధురం వేరులో కనీసం 4 శాతం గ్లైసిరైజిన్ ఉండాలి. ఐరోపా ఆహార నిపుణుల సంఘం 2003లో, రోజూ తీసుకునేవాళ్లు గ్లైసిరైజిన్ 100 మిల్లీగ్రాములు దాటకూడదని చెప్పింది. మా వంటింటి చెంచాతో రెండు నిండు చెంచాలు తూచితే 7 గ్రాములు వచ్చింది. 4 శాతం చొప్పున 280 మిల్లీగ్రాములు. డెబ్బై ఏళ్ల మనిషికి, బీపీ ఉన్న మనిషికి, నీళ్లమాత్ర వేసుకునే మనిషికి ఆ హద్దుకు రెండున్నర రెట్లకు పైగా ఆరు వారాలు ఇచ్చాను, నా చేత్తో. మన ఆయుర్వేద ఫార్మకోపియా కూడా వేరు పొడి మోతాదు రోజుకు 2 నుంచి 4 గ్రాములనే చెబుతుంది. డబ్బా మీద గ్రాములు రాయకుండా చెంచాలు రాయడం ఎంత తప్పో అప్పుడు తెలిసింది. మా వంటింట్లోనే నాలుగు సైజుల చెంచాలున్నాయి.

ఇదంతా చదివి అతిమధురం మంచిది కాదనుకోకండి. నేను ఇప్పటికీ వాడుతున్నాను. గొంతు విషయంలో దానికి సాటి వచ్చేది నాకు ఇంకోటి దొరకలేదు. వియన్నాలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్లు చేసిన పరీక్ష ఒకటి 2013లో అచ్చయింది. ఆపరేషన్‌కి ముందు గొంతులో గొట్టం వేయించుకోబోయే వాళ్లలో కొందరిచేత అతిమధురం నీళ్లతో, మిగిలినవాళ్లచేత పంచదార నీళ్లతో పుక్కిలింపజేశారు. అతిమధురం పుక్కిలించిన వాళ్లకి గొంతునొప్పి, దగ్గు తక్కువగా ఉన్నాయి. ఇందులో నాకు నచ్చిన విషయం పుక్కిలించి ఉమ్మెయ్యడం. గొంతుకి మేలు అందుతుంది, కడుపులోకి పెద్దగా వెళ్లదు. నేనిప్పుడు ఎక్కువగా అదే చేస్తున్నాను. వేలెడు పుల్లని రోకలితో రెండు దెబ్బలు కొట్టి, గ్లాసున్నర నీళ్లలో వేసి గ్లాసు అయ్యేదాకా మరగబెడతాను. వడకట్టి గోరువెచ్చగా ఉండగా పొద్దున్నా సాయంత్రం పుక్కిలిస్తాను. పీరియడ్ల మధ్య నమలడానికి మాత్రం వేలెడు పుల్ల ఒకటి, రోజుకి ఒకటే. తూచి చూశాను, 2 గ్రాములు. వేరులో 4 శాతమే ఉందనుకుంటే, నమిలి రసం అంతా మింగినా 80 మిల్లీగ్రాముల దగ్గర ఉంటాను. రెండు వారాలు అయ్యాక ఆపేస్తాను.

కడుపులో మంటకి పనిచేస్తుందన్నదీ ఉత్తమాట కాదు. 1940లలో నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే డాక్టరు కడుపు పుండ్లున్న వాళ్లకి అతిమధురం సారం ఇచ్చి చూశాడు. పుండ్లు మానడం చూశాడు, కొందరికి ఒళ్లు వాచడమూ చూశాడు. మా ఇంట్లో జరిగింది అక్షరాలా అదే. ఇప్పుడు గ్లైసిరైజిన్ తీసేసిన అతిమధురం బిళ్లలు కూడా వస్తున్నాయి, డీజీఎల్ అంటారు. కడుపు కోసమే కావాలనుకునే వాళ్లు డాక్టరుని అడిగి వాటి సంగతి చూడవచ్చు. అత్తయ్యగారు మాత్రం ఇక ఏ రూపంలోనూ ముట్టుకోనన్నారు, నేనూ బలవంతపెట్టలేదు. ముఖానికి పాలతో పూసుకునే వాళ్లున్నారు. దాని గురించి నాకు అనుభవం లేదు.

ఎవరు దూరంగా ఉండాలో కొట్టాయన ఒక్కొక్కరికీ నోటితో చెబుతాడు, నేను రాసి పెడుతున్నాను. బీపీ ఉన్నవాళ్లు, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు వద్దు. నీళ్లమాత్రలు, గుండెకి వాడే డిగాక్సిన్, స్టెరాయిడ్ మాత్రలు, రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకునే వాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టవద్దు. షుగరు ఉన్నవాళ్లు కొందరు "పంచదార లేని తీపి కదా" అని ధైర్యంగా టీలో వేసుకుంటారు. షుగరున్న ఇంట్లో బీపీ కూడా ఉండటం మనం చూస్తూనే ఉన్నాం, జాగ్రత్త. గర్భిణులకు అసలు వద్దు. ఫిన్లాండులో అతిమధురం మిఠాయిలు ఎక్కువ తింటారు. అక్కడి ప్రభుత్వమే గర్భిణులను వాటిని ఎక్కువగా తినవద్దంటుంది. మా స్టాఫ్‌రూంలో ఐదో నెల గర్భవతి అయిన టీచరు దగ్గు వస్తోందని నా డబ్బీలోంచి ముక్క అడిగింది. ఇవ్వలేదు. కొంచెం నొచ్చుకుంది. కారణం చెప్పాక తన చెల్లెలికి కూడా ఫోన్ చేసి చెప్పింది.

ఆరోగ్యంగా ఉన్నాం, మాకేమవుతుందిలే అనుకునే వాళ్లకి ఒక్క మాట. అమెరికాలో మసాచుసెట్స్‌కి చెందిన 54 ఏళ్ల మనిషి మూడు వారాల పాటు రోజూ పెద్ద పొట్లం చొప్పున అతిమధురం మిఠాయి తిని, పొటాషియం పడిపోయి, గుండె ఆగి చనిపోయాడు. 2020లో అక్కడి పేరున్న వైద్య పత్రికలో డాక్టర్లు ఆ కేసు రాశారు.

ఇంకో చిక్కు పేర్లతో వస్తుంది. మనం అతిమధురం అంటాం. ఆయుర్వేదం డబ్బాల మీద యష్టిమధు అనో యష్టిమధుకం అనో ఉంటుంది. హిందీలో ములేఠీ. దగ్గు సిరప్పుల వెనక సన్న అక్షరాల్లో గ్లైసిరైజా గ్లాబ్రా. అన్నీ ఒకటే వేరు. ఒక వారం మా ఇంట్లో దగ్గుమందు, గొంతుబిళ్లలు, హెర్బల్ టీ పొట్లం మూడూ వరసగా పెట్టి వెనక చదివాను. మూడింటిలోనూ ఉంది. పుల్ల నమిలేవాళ్లు అవి కూడా లెక్కలో కలుపుకోవాలి.

ఇక కొట్టు లోటుపాట్లు. బిల్లు అడిగితే గానీ ఇవ్వరు, అదీ చిన్న చీటీ మీద. పాత పేపరు పొట్లంలో కట్టి ఇస్తారు, ఇంటికి రాగానే గాజుసీసాలోకి మార్చుకోవాలి. వానాకాలం పొట్లంలోనే వదిలేస్తే బూజు పడుతుంది, నాకు ఒకసారి పడింది. సరుకు ఎప్పుడు వచ్చిందో తేదీ ఉండదు. ఆయన నోటిమాటే ఆధారం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కొట్టు కట్టేస్తారు. స్కూలు వాళ్లకి అది ఇబ్బందే. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, మెయిన్ రోడ్డు మీద పెట్టి నడవాలి. ఫోన్‌పే ఉంది. ధర యాభై గ్రాములకి 45 రూపాయలు తీసుకున్నారు. ఆన్‌లైన్ డబ్బా కన్నా గ్రాముకి తక్కువే పడింది.

ఆయన అడిగే ప్రశ్నలకి కొందరు విసుక్కోవడం కూడా చూశాను. నా ముందే ఒకాయన "మీరేమన్నా డాక్టరా, సరుకివ్వండి" అన్నాడు. కొట్టాయన కోపం తెచ్చుకోలేదు. "డాక్టరు కాను కాబట్టే అడుగుతున్నా బాబూ" అని, ఆయనకి బీపీ ఉందని తేలాక ఇవ్వలేదు. బదులుగా కాస్త కరక్కాయ ఇచ్చి బుగ్గన పెట్టుకోమన్నాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

మీరు వెళితే సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి, రద్దీ తక్కువగా ఉంటుంది. ఇంట్లో ఎవరికోసం కొంటున్నారో వాళ్ల మాత్రల పట్టీ ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లండి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేరూ చదువుతాడు. తెలియని పేరు కనబడితే "ఇది మీ డాక్టరుని అడిగి రండి, సరుకు ఎక్కడికీ పోదు" అని సొరుగు మూసేస్తాడు.